పైన ఉన్న నంబరు

గద్వాలకు పోయే ముందురోజు ఎక్స్‌పాన్షన్ మాడ్యూల్ అంటే ఏందో ఇంట్ల అందరికీ చెప్పిన. ఎవ్వరూ అడగలే.

మాది వనపర్తి. మా ఆయనకు ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం ఉంది. నేను పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ చదివిన గనక కెమెరాలు, సెన్సర్లు, ప్యానెల్ బోర్డుల వైరింగ్ నా పని. ఆ రోజు పొద్దుగూకినంక అందరం అన్నం తింటున్నం. నేను పప్పుగిన్నెను కంట్రోలర్ చేసి, పచ్చడి గిన్నెను మాడ్యూల్ చేసి చెప్పుడు మొదలుపెట్టిన.

"పెద్ద బిల్డింగుల్ల చల్లదనం, ఫ్యాన్లు, తలుపులు అన్నీ చూసుకునే కంట్రోలర్ ఒకటి ఉంటది. దానికి వైర్లు పెట్టే జాగలు కొన్నే ఉంటయి. అవి నిండినంక కొత్త గది కట్టిండ్రనుకో, ఆ గది వైర్లు ఎక్కడ పెట్టాలె? అందుకని పక్కన ఇంకో డబ్బ బిగిస్తరు. అదే మాడ్యూల్."

"ఎక్స్‌టెన్షన్ బోర్డు అను మరి," అన్నది మా అత్తమ్మ.

"అది కాదత్తమ్మా. ఇది మాట్లాడుతది. కంట్రోలర్‌తోటి మాట్లాడుతది."

"ఏమని?"

"ఈ గదిల ఇంత చల్లగుంది, ఆ తలుపు తెరిచి ఉంది, గిట్ల."

"మంచిగుంది," అని అత్తమ్మ కంట్రోలర్‌ల గరిటె పెట్టి పప్పు ఏసుకున్నది. మా ఆయన నవ్వు ఆపుకుంట మంచినీళ్లు తాగిండు.

నిజం చెప్పాలంటే ఆ మాడ్యూల్‌ను నేను అప్పటికి ఒక్కసారే బిగించిన. అది కూడా ట్రైనింగ్‌ల, టేబుల్ మీద, పక్కన సార్ నిలబడితే. కానీ గద్వాల మేనేజర్ ఫోన్ చేసి "మీరు ఇసొంటివి చేసిండ్రా?" అని అడిగితే, "మాకు రోజూ ఉండే పనే సార్," అన్న. నాకు ముందునుంచి అదే అలవాటు. ఎక్కడికి పోయినా బ్యాగు చూసి "పని చేసే సార్ ఎనక వస్తుండా?" అని అడుగుతరు. వాళ్లు అడగకముందే నేను గొప్పలు మొదలుపెడత. ఒకసారి మొదలైతే ఎక్కడ ఆపాలెనో తెల్వదు.

అది మే నెల. ఏసీల కాలం గనక మా ఆయనకు ఊపిరి తీసుకునేందుకు తీరిక లేదు. "నేనొస్త తోడు," అన్నది అత్తమ్మ. తోడు అనేది పేరుకే. ఆమె చెల్లెలు అమరచింతల ఉంటది, ఒంట్ల బాగుంటలేదని కబురొచ్చింది. అమరచింత మా దారిల లేదు, పక్కకు తిరిగి పోవాలె. కానీ అత్తమ్మ లెక్కల కృష్ణకు ఇవతల ఉన్నదంత దారే.

ఆత్మకూరు మీదికెళ్లి బస్సుల పోయినం. పానలు, స్క్రూడ్రైవర్లు ఉన్న బ్యాగు కాళ్ల కాడ పెట్టుకొని, మాడ్యూల్ డబ్బను ఒళ్లో పెట్టుకున్న. బస్సు గుంతల పడ్డప్పుడల్ల దాన్ని రెండు చేతులతోటి పట్టుకునేదాన్ని. పక్క సీటు ముసలాయన "గాజు సామానా బిడ్డా?" అని అడిగిండు. ఆయనకు కూడా చెప్పుడు మొదలుపెట్టిన. ఆయన జూరాల కాడ దిగిపోయిండు. ఆయన దిగాల్సింది అక్కడేనో, నా బాధ పడలేకనో నాకు తెల్వదు.

పోయిన జాగ పత్తి విత్తనాల గోదాము. గద్వాల చుట్టుపక్కల విత్తనపత్తి మస్తుగ పండిస్తరు, ఆ విత్తనాలు చెడిపోకుండ చల్లటి గదుల్ల పెడతరు. పాత గదులు రెండు ముందునుంచే కంట్రోలర్ మీద నడుస్తున్నయి. కొత్తగా మూడోది కట్టిండ్రు. దాన్ని కలుపుడే నా పని.

గేటు కాడ మేనేజర్ నిలబడి ఉన్నడు. నడివయసు మనిషి, మర్యాదస్తుడు. చెమటలు కారుకుంట బ్యాగు మోస్తున్న నన్ను చూసిండు, కండ్లద్దాలు పెట్టుకొని ఇస్త్రీ చీరల వస్తున్న అత్తమ్మను చూసిండు. "నమస్తే మేడం, రండి," అన్నడు అత్తమ్మతోటి.

"నమస్తే," అని అత్తమ్మ లోపలికి పోయింది. ఫ్యాన్ కింద కుర్చీ ఏసిండ్రు. కూసున్నది.

"పాత గదులు మంచిగనే నడుస్తున్నయి మేడం. కొత్తదే, ఇంకా చేతితోటి ఆన్ చేసుడు, ఆఫ్ చేసుడు. పరేషాన్ అవుతున్నం."

"సూద్దాం," అన్నది అత్తమ్మ.

నేను గొంతు సవరించుకున్న. అప్పుడు అత్తమ్మ మెల్లగా, "మా కోడలు సూస్తది," అని చెయ్యి నా దిక్కు చూపెట్టింది. ఆయన నన్ను చూసి, మల్ల ఆమెను చూసి, "మీరు చెప్తే సరే మేడం," అన్నడు.

పని మంచిగనే నడిచింది. కరెంటు బంద్ చేసి, ప్యానెల్‌ల ఉన్న ఇనుప పట్టీకి కంట్రోలర్ పక్కన మాడ్యూల్‌ను తగిలిస్తే టక్కుమని కూసున్నది. రెండింటి నడుమ కేబుల్ కలిపిన. మాడ్యూల్ పక్కకు బుడ్డ స్విచ్‌లు ఉంటయి, వాటితోటి దానికి ఇంటి నంబరు లెక్క ఒక నంబరు ఇయ్యాలె. ఇచ్చిన. కొత్త గదిల నాలుగు మూలల నాలుగు సెన్సర్లు ఉన్నయి. వాటి వైర్లు ఒలిచి, పేర్లు రాసిన చీటీలు అతికించి, వరుసగ బిగించిన. కరెంటు ఇయ్యంగనే పచ్చలైటు వచ్చింది. గది ఎంత చల్లగుండాల్నో మేనేజర్‌ను అడిగి ఆ నంబరు కొట్టిన.

"అయిపోయినట్టేనా?" అని అడిగిండు ఆయన.

"అయిపోయినట్టే సార్. ఊకె ఒకసారి చెక్ చేస్త," అన్న.

ఆ చెకింగ్ అల్కటి పని. గది చల్లగుంటది గద, లోపలికి పోయి సెన్సర్‌ను పిడికిట్ల పట్టుకుంటే చేతి వేడికి స్క్రీన్ మీద నంబరు ఎక్కుతది. ఏ సెన్సర్ పట్టుకుంటే ఆ నంబరే ఎక్కిందంటే వైరింగ్ సరిగ్గ ఉన్నట్టు. కానీ లోపల పట్టుకునేందుకు ఒకరు, బయట స్క్రీన్ చూసేందుకు ఒకరు కావాలె. మేనేజర్ లారీ వచ్చిందని అటు పోయిండు. అత్తమ్మ కుర్చీని ప్యానెల్ ముందరికి జరిపిన.

"అత్తమ్మా, పైన ఉన్న నంబరు సూస్తుండు. నేను లోపల పట్టుకోంగనే అది ఎక్కుతది. ఎక్కంగనే కేకెయ్యి."

"పైదేనా?"

"పైదే. కిందియి పట్టించుకోకు."

తలుపు సందు మాత్రం ఉంచి లోపలికి పోయిన. చెమటకు తడిసిన పల్చటి చుడీదార్ మీద ఆ చల్లగాలి తగలంగనే పండ్లు టకటక కొట్టుకున్నయి. మొదటి సెన్సర్‌ను పిడికిట్ల పట్టుకున్న.

"ఎక్కిందా?"

"ఎక్కలే!"

ఇంక గట్టిగ పట్టుకున్న. నోటితోటి ఊదిన.

"ఇప్పుడు?"

"లేదు బిడ్డా!"

రెండోది పట్టుకున్న, మూడోది పట్టుకున్న. చంకల పెట్టుకుంటే వేడి ఎక్కువ తగులుతదని నాలుగోదాన్ని చంకల పెట్టుకొని, మూలకు వంగి నిలబడ్డ. "ఎక్కలే!" అనే కేక వస్తనే ఉంది. బయట విత్తనాలు సంచులకెత్తే ఆడోళ్లు మా కేకలు విని నవ్వుతున్నరు. ఒకామె "ఎవరెక్కాలెనమ్మా, ఎక్కడికి?" అని అడిగింది కూడా.

బయటికొచ్చి స్క్రీన్ చూసిన. నంబర్లన్నీ ఉన్నయి. ఎక్కడా తప్పు చూపెడత లేదు. నేను బయటికొచ్చేసరికి సెన్సర్లు మల్ల చల్లబడుతయి గద, ఆ సంగతి నాకు తట్టలే. దాని బదులు పెద్ద సిద్ధాంతం ఒకటి తట్టింది. మాడ్యూల్ పాత నంబర్లనే పట్టుకొని కూసున్నది, కొత్తయి పంపుత లేదు అనుకున్న. చదువుకున్నదాన్ని గద, ఎంత తొందరగ కనిపెట్టిన్నో అని లోపల ఒక తీరు సంతోషం కూడా అయింది.

ఇంక రిపేర్లు షురూ. కేబుల్ రెండు వైర్లు అటుదిటు మార్చిన. పచ్చలైటు పోయి స్క్రీన్ మీద అన్నీ గీతలు వచ్చినయి. మల్ల ఎప్పటిలెక్క పెట్టిన. సెన్సర్ల వైర్లన్నీ ఊడబీకి మల్ల బిగించిన. ప్రతిసారి లోపలికి పోవుడు, పట్టుకునుడు, "ఎక్కిందా?", "ఎక్కలే!", బయటికొచ్చుడు. లోపల చలి, బయట మే నెల. ముక్కు కారుడు మొదలైంది. వేళ్లు తిమ్మిరెక్కి స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారిపోయింది.

మేనేజర్ తిరిగొచ్చిండు. "ఏమైంది మేడం?" ఈసారి నన్నే అడిగిండు.

"మాడ్యూల్‌ల లోపం ఉంది సార్. కంపెనీ తప్పు. ఇప్పుడే వాళ్ల సంగతి చెప్త," అన్న.

హైదరాబాద్‌ల ఆ మాడ్యూల్ అమ్మినోళ్ల ఇంజనీర్‌కు ఫోన్ కలిపిన. నేను ఎట్ల మాట్లాడ్తనో మేనేజర్ వినాలెనని స్పీకర్ ఆన్ చేసిన. ఆ స్పీకర్ ఆన్ చెయ్యకపోతే నా బతుకు ఇంకో తీరు ఉండేది.

"మీ డబ్బ పాత నంబర్లు పంపుతుంది. నాలుగు సెన్సర్లు చెక్ చేసిన. ఒక్కటి కదలలే. మీరు పంపేముందు పరీక్ష చేస్తరా చెయ్యరా?"

"మేడం, ఒకసారి స్క్రీన్ ఫొటో పెట్టండి," అన్నడు ఆ అబ్బాయి మెత్తగ.

"ఫొటోతోటి ఏమైతది? నేను ఎదురుగ నిలబడి చూస్తున్న. మేము రోజూ చేసే పని ఇది."

"ఒక్కసారి పెట్టండి మేడం, ప్లీజ్."

పంపిన. ఆ అబ్బాయి దాన్ని చూసేలోపు నేను మేనేజర్ దిక్కు చూసి, చూసినవా అన్నట్టు తలూపిన.

"మేడం," అన్నడు ఫోన్ల, "పైన పెద్దగా కనిపించేది మీరు సెట్ చేసిన నంబరు. గది ఎంత చల్లగా ఉండాలని మీరు కొట్టారో అది. మీరు మార్చేదాకా అది మారదు. సెన్సర్ల రీడింగులు కింద నాలుగు చిన్న గడుల్లో ఉన్నాయి."

నేను ట్రైనింగ్‌ల చూసిన స్క్రీన్‌ల సెన్సర్ నంబరు పైన ఉండె. ఇది వేరే తీరుది. అప్పుడు స్పీకర్ ఆఫ్ చేసిన. వినాల్సినోళ్లందరూ వినేసినంక.

మేనేజర్ ఫ్యాన్ దిక్కు చూస్తున్నడు. పాపం, ఆ ఫ్యాన్‌ల చూసేందుకు ఏముంది? అత్తమ్మ కండ్లద్దాలు తీసి చీర కొంగుతోటి తుడుచుకున్నది.

"కింద చిన్నయి ఊకె మారుతనే ఉండె," అన్నది.

"మరి చెప్పలేదేందత్తమ్మా?"

"కిందియి పట్టించుకోకు అంటివి గద."

ఆమె ఎత్తిపొడవలే. నిజంగనే నా మాట కట్టుబడి, కండ్లు గుంజుతున్నా రెప్ప కొట్టకుండ, కదలని నంబరును అంతసేపు కాపలా కాసింది. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ముక్కు ముందునుంచే కారుతున్నది గనక ఏదేందో ఎవ్వరికీ తెల్వలే.

మల్ల లోపలికి పోయిన. ఈసారి మొదటిది పట్టుకోంగనే బయటికెళ్లి కేక. "ఎక్కుతుంది! ఒకటోది ఎక్కుతుంది బిడ్డా!" రెండోది కూడా సక్కగ ఎక్కింది. మూడోది పట్టుకుంటే, "నాలుగోది ఎక్కుతుంది!" అన్నది. నా రిపేర్లల్ల ఆ రెండు వైర్లు ఒకదాని జాగల ఒకటి పెట్టిన. మొదలు బిగించినప్పుడు అన్నీ సరిగ్గనే ఉండె. నేను బాగుచేసినంకనే చెడిపోయినయి. అవి మార్చి, ఇంకోసారి చూసుకొని, ప్యానెల్ తలుపు మూసిన. మూడో గది తనంతట తాను చల్లబడుకుంట, ఆగుకుంట నడుస్తుంటే మేనేజర్ శానాసేపు నిలబడి చూసిండు. చాయ తెప్పించిండు. మొదటి గ్లాసు అత్తమ్మకు ఇచ్చిండు. నేను నా గ్లాసును రెండు చేతులతోటి పట్టుకొని, తాగకుండ చెంపకు ఆనించుకున్న.

తిరిగి వచ్చేటప్పుడు జూరాల కాడ దిగి వేయించిన చేపలు తిన్నం. జనమంత నీడ కోసం దేవులాడుతుంటే నేను ఎండల నిలబడి తిన్న. అమరచింతల అత్తమ్మ చెల్లెలు బాగనే ఉంది. మమ్మల్ని చూసి మంచం మీద లేచి కూసొని, తుమ్ముతున్న నాకే మిరియాల కషాయం పెట్టిపిచ్చింది. తెల్లారి వనపర్తిల దవాఖానకు పోతే డాక్టర్, "ఈ ఎండలల్ల సర్ది ఎక్కడ దొరికిందమ్మా?" అని అడిగిండు. కోల్డ్ స్టోరేజీ అని చెప్తే ఇంక ఏమేమి చెప్పాల్నో అని, "బస్సుల కిటికీ పక్కన కూసున్న," అన్న.

ఆ ఇంజనీర్‌కు మాత్రం ఫోన్ చేసి సారీ చెప్పిన. "పర్లేదు మేడం, చాలామంది అలాగే అనుకుంటారు," అన్నడు. అబద్ధమే అయి ఉంటది. కానీ మంచి అబద్ధం.

కొన్నాళ్లకు నాగర్‌కర్నూల్‌ల మా అమ్మోళ్ల ఇంటికి పోయినం. అత్తమ్మ కూడా వచ్చింది. అమ్మ చాయ ఇస్తుంటే అత్తమ్మ గద్వాల ముచ్చట తీసింది. అమ్మ ముందర ఇజ్జత్ పోయినట్టే అనుకున్న.

"ఆ మిషన్ మేమిద్దరం బిగించినం వదినా," అన్నది అత్తమ్మ. "నేను బయట, నీ బిడ్డ లోపల. ఏం చలి అనుకున్నవ్! నంబరు కదలకపాయె. హైదరాబాద్ ఇంజనీర్‌కే సమజ్ కాలే. నీ బిడ్డ ఫొటో తీసి పంపితే గానీ వానికి అర్థం కాలేదంటే సూడు."

అమ్మ నా దిక్కు చూసిన చూపు ఉంది గద, డిప్లొమా పట్టా తెచ్చిన రోజు కూడా అట్ల చూడలే. అత్తమ్మ చెప్పినదాంట్ల ఒక్క అక్షరం అబద్ధం లేదు. తప్పని చెప్దామంటే ఏ మాట పట్టుకొని చెప్పాలె?

"అంటే ఏందే ఆ మిషన్?" అని అడిగింది అమ్మ.

నేను నోరు తెరిచిన. అత్తమ్మ నాకంటె ముందు అందుకున్నది. "ఎక్స్‌టెన్షన్ బోర్డు అసొంటిదే వదినా. కాకుంటే ఇది మాట్లాడుతది."