గొంతమ్మ పెట్టిన పేర్లు

ఆస్పత్రిలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె గొంతమ్మే. టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని, బయటి నుంచి వచ్చే ప్రతి ఫోనునూ తగిన వార్డుకు, తగిన డాక్టరుకు కలపడం ఆమె పని. పుట్టుకతోనే చూపు లేదు. ఆ పనిలో చూపు అవసరమూ పడలేదు. బోర్డు మీటలు వేళ్లకు తెలుసు, మనుషులు చెవులకు తెలుసు. కొత్తగా చేరిన డాక్టరొకాయన, "పేరు చెప్పకముందే నన్నెలా గుర్తుపట్టారండీ?" అని ఆశ్చర్యపోతే, "మీరు ఫోనెత్తగానే ముందు నిట్టూరుస్తారు సార్. ఆ తర్వాతే హలో" అంది.

బోర్డు పాతబడిందని ఒక రోజు యాజమాన్యం దాన్ని పీకించేసింది. దాని బదులు అందరి చేతుల్లోనూ మొబైల్ ఫోన్లు, వాటిలో ఫోన్లు కలిపే ఒక యాప్ వచ్చాయి. గొంతమ్మ బెదరలేదు. ఇంట్లో ఆమె మొబైల్ వాడుతూనే ఉంది. తెర మీద వేలు పెడితే అక్కడున్నదేమిటో ఫోనే చదివి చెబుతుంది. రెండుసార్లు తడితే పని జరుగుతుంది. ఆస్పత్రి ఇచ్చిన ఫోనులోనూ ఆ ఏర్పాటుంది. కానీ యాప్ తెరిచి వేలు పెడితే ఫోను "బటన్" అంది. పక్కకు జరిపితే "బటన్". కిందికి జరిపితే మళ్లీ "బటన్". యాప్ తయారుచేసినవాళ్లు మీటల మీద బొమ్మలు వేశారు గాని వాటికి పేర్లు పెట్టలేదు. పేరు లేనిదాన్ని ఫోను మాత్రం ఏమని చదువుతుంది?

మొదటి రోజు లెక్కపెట్టుకుంటూ, గుర్తుపెట్టుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చింది. రెండో రోజు ఒక తండ్రి, కూతురికి కాన్పు ఎలా జరిగిందో కనుక్కుందామని ఫోన్ చేశాడు. గొంతమ్మ కాన్పుల వార్డనుకుని తట్టింది. అవతల ఎత్తిన మనిషి "మార్చురీ" అన్నాడు. ఆ తండ్రి పెట్టిన కేక ఆమె చెవిలోనే పడింది. తల్లీబిడ్డలు క్షేమంగానే ఉన్నారు. ఆ మాట అతని చేత నమ్మించాక గొంతమ్మ తనే లేచి మేనేజరు దగ్గరికి వెళ్లింది.

మేనేజరు తిట్టలేదు. "మీ తప్పేం లేదమ్మా. కంపెనీకి రాస్తాం. వాళ్లు సరిచేసేదాకా మీరు విశ్రాంతిగా కూర్చోండి. మీ జీతానికేం ఢోకా లేదు" అన్నాడు.

కూర్చుంది. ఫోన్లు ఆమె పక్కనే మోగుతుంటే, ఇంకెవరో ఎత్తుతుంటే, కుర్చీలో ఊరికే కూర్చుంది. ఆడపడుచు ఇంటికొచ్చి, "నక్కతోక తొక్కావే మరదలా! పని లేకుండా జీతం ఎవరిస్తారు ఈ రోజుల్లో?" అంది.

"నువ్వొచ్చి ఆ కుర్చీలో ఒక్క పూట కూర్చో వదినా, తెలుస్తుంది" అంది గొంతమ్మ.

ఆమె భర్త ప్రెస్సులో పుస్తకాలు కుట్టే మనిషి. కంటబడిన అక్షరాన్నల్లా చదవకుండా వదలడు. ఆ యాప్‌లో అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నదాన్ని పైకి చదివాడు. అది ఒక ఉచిత ప్రోగ్రామును తీసుకుని తయారుచేసిందట. ఆ ప్రోగ్రాము లోపల ఏం రాసుందో ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచేసి తిరిగి అందరికీ ఇవ్వొచ్చునట.

"ఎవరైనా అంటే మనం కూడానా?" అంది గొంతమ్మ.

"మనల్ని మినహాయించినట్టు ఎక్కడా రాయలేదు" అన్నాడాయన.

ఆ రాత్రే, ఆ ప్రోగ్రాము కింద ఇచ్చిన చిరునామాకు ఫోనులోంచి ఉత్తరం రాసింది. అసలు ప్రోగ్రామును చూసుకునే మనిషి ఇంకెక్కడో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు ఈ పని చేస్తాడు. అతని దగ్గర్నుంచి వెంటనే జవాబొచ్చింది. "ఇన్నేళ్లలో ఒక్కరూ ఈ సంగతి చెప్పలేదండీ. నాకు తట్టనూ లేదు. ఏ మీటకు ఏ పేరుండాలో మీరే చెప్పండి. నేను ఎక్కిస్తాను."

అసలు ప్రోగ్రామును సొంత ఫోన్లలో దించుకుని, భోజనాల బల్ల దగ్గర మొగుడూపెళ్లాలు కూర్చున్నారు. ఆయన బొమ్మ చూసి చెప్పాలి, ఆమె పేరు పెట్టాలి.

"ఇది వంకాయలా ఉంది."

"ఆస్పత్రి యాప్‌లో వంకాయెందుకుంటుందండీ? నొక్కి చూడండి."

నొక్కితే ఆమె ఫోను మోగింది. దానికి "పిలువు" అని పేరు పెట్టింది. గంట బొమ్మకు ఆయన "అత్యవసర సందేశం పంపుము" అందామన్నాడు.

"అది పూర్తిగా వినేలోపు మనిషి పోతాడు. 'ప్రాణాపాయం' అని పెట్టండి చాలు."

అలా వారాల తరబడి తెర తర్వాత తెరకు పేర్లు పెట్టుకుంటూ పోయారు. కొత్త వెర్షన్ విడుదలైన రోజు గొంతమ్మ దాన్ని తన సొంత ఫోనులో తెరిచి వేలు పెట్టింది. పిలువు. కలుపు. వేచి ఉంచు. ప్రాణాపాయం. మళ్లీ మొదటికి వెళ్లి ఒక్కో పేరూ ఇంకోసారి వింది.

మర్నాడు మేనేజరు గదికి వెళ్లింది. యాప్ అమ్మిన కంపెనీ మనిషి కూడా అక్కడే ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విని, "అసలుది ఉచితమే మేడమ్, కాదనను. కానీ ఇక్కడున్నది మా వెర్షన్. బయటిది తెచ్చి పెడితే రేపు ఏ తేడా వచ్చినా మా పూచీ ఉండదు" అన్నాడు.

"నా ఒక్క ఫోనులో పెట్టి చూడండి సార్."

"అది మిగతా ఫోన్లతో కలవదు మేడమ్."

"అయితే ఆ పేర్లే తీసుకుని మీ దాంట్లో పెట్టుకోండి. నేనేం వద్దనను."

"వచ్చే ఎడిషన్‌లో చూస్తాం" అన్నాడు.

మేనేజరు గొంతు తగ్గించి, "రోగుల ప్రాణాలతో వ్యవహారం కదమ్మా" అన్నాడు.

ఎక్కడెక్కడి ఆస్పత్రులవాళ్లో ఆ ఉచిత ప్రోగ్రామును నేరుగా వాడుతున్నారు. అలాంటిచోట ఒకామెకు ఆపరేటరుగా ఉద్యోగమొచ్చింది. ఆమెకూ చూపు లేదు. గొంతమ్మ నంబరు కనుక్కుని మరీ ఫోన్ చేసి, "అక్కా, మీరు పెట్టిన పేర్లతోనే నేను బతుకుతున్నాను" అని ఏడ్చింది. గొంతమ్మ నిండుగా సంతోషపడింది. ఫోన్ పెట్టేసి, భర్తతో, "ఊళ్లోవాళ్లందరికీ వడ్డించి, నా విస్తరే ఖాళీగా పెట్టుకున్నానండీ" అంది.

కొన్నాళ్లకు ఆస్పత్రి తన ప్రచార పుస్తకానికి ఆమె ఫొటో కావాలంది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు, చేతిలో ఫోను పెట్టారు. గొంతమ్మ వేలు జరిపితే ఫోను పలకలేదు.

"ఇది ఆగిపోయి ఉంది బాబూ" అంది.

"ఫర్వాలేదు మేడమ్, ఫొటోకే కదా. కాస్త నవ్వండి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

నవ్వలేదు. అయినా తీసుకున్నారు. ఆ పుస్తకం అచ్చయ్యేలోపే ఆపరేటరు పోస్టు రద్దయింది. గొంతమ్మను స్టోర్‌రూమ్‌లో, కట్లు కట్టే గాజుగుడ్డ మడతపెట్టే పనిలో వేశారు. అక్కడ ఫోన్ లేదు.

ఆ తర్వాతి సంవత్సరం కంపెనీ కొత్త ఎడిషన్ తెచ్చింది. అందులో చూపు లేనివాళ్ల కోసం ప్రత్యేక సదుపాయం ఉందని, దానికి విడిగా డబ్బు కట్టాలని ప్రకటించింది. స్టోరుకొచ్చిన మేనేజరు ఆ సంగతి మంచి మనసుతోనే చెప్పాడు. "మీ పేర్లే వాడారమ్మా, ఒక్క మాటా మార్చలేదు. గొప్ప విషయం. మనం మాత్రం ఆ సదుపాయం తీసుకోవట్లేదు. ఆపరేటరు పోస్టే లేదు కదా, ఇక్కడ దాన్ని ఎవరు వాడతారు చెప్పండి?"

గొంతమ్మ చేతిలో గుడ్డ మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టింది. "ఇప్పుడెవరూ లేరు లెండి సార్" అంది.

ఆ సాయంత్రం, తనను అక్కా అన్న ఆపరేటరు మళ్లీ ఫోన్ చేసింది. జీతం ఎక్కువిస్తామని పెద్ద ఆస్పత్రివాళ్లు పిలుస్తున్నారట, వెళ్లమంటారా అని అడిగింది.

"జీతం సంగతి తర్వాత అడుగు. అక్కడ ఫోన్లలో పెట్టిందేదో ముందు కనుక్కో. అది కంపెనీవాళ్ల వెర్షనయితే వెళ్లకు" అంది గొంతమ్మ.

"వాళ్లు చాలా మంచివాళ్లక్కా. ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడారో!"

"మా వాళ్లూ మంచివాళ్లేనమ్మా" అంది గొంతమ్మ.