ప్రార్థన మధ్యలో మూత్రం కబురు

అమీర్‌పేట చర్చిలో ఆ ఆదివారం నేను చేసిన నిర్వాకం వింటే, నాకు డాక్టర్ పట్టా ఇచ్చినవాళ్ళు తలలు బాదుకుంటారు. అయినా చెబుతాను, నవ్వుకోండి.

పందొమ్మిది వందల నలభైల్లో మాట. పంజాగుట్టలో మా పెద్ద డాక్టరు గారికి మూత్రపిండాలంటే ప్రాణం. దెబ్బతిన్నవి ఎలా మానుతాయో తెలుసుకోవాలని ఇంటి వెనక గదుల్లోనే రోగుల్ని ఉంచుకునేవారు. నేను ఆయన కొత్త అసిస్టెంటుని. కలరా తగ్గినా మూత్రం బందైపోయిన జట్కా ఎల్లయ్య మీద అందరూ ఆశ వదిలేశారు.

ఆయన మాత్రం, "కిడ్నీ సావలేదు, దెబ్బ తాకింది. మానేదాంక మనం కాపలా ఉండాలె" అని, స్వయంగా కొలిచి నీళ్ళు తాగించేవారు. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ పొద్దున ఆయన చర్చికి వెళ్ళారు. నేను ఎల్లయ్య మంచం కింది పాత్ర చూద్దును కదా, సగం నిండి ఉంది! మానుతున్న మూత్రపిండం మొదట్లో నీళ్ళలాంటి మూత్రం వదులుతుందని ఆయనే చెప్పారు. ఇదీ అచ్చం నీళ్ళలాగే ఉంది. నిద్రపోతున్న ఎల్లయ్యను లేపి అడిగే ఓపిక ఎవరికుంది? సీసాలో నింపుకుని సైకిలెక్కాను.

చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు.

"సార్! ఎల్లయ్య ఉచ్చ పోసిండు!"

పాస్టరు గారు ఉలిక్కిపడ్డారు. "గా సీస మందిరంల పట్టుకొచ్చినవా?"

"సంతోషం ఆగలేదు అయ్యగారూ!"

డాక్టరు గారు లేచి కళ్ళు తుడుచుకున్నారు. "మనం దేవుణ్ణి అడిగింది గిదే గద!"

అంతే, పాస్టరు గారితో సహా అందరూ పంజాగుట్టకు కదిలారు.

డాక్టరు గారు గాజు గొట్టంలో కొంచెం పోసి దీపం మీద కాచారు. దెబ్బతిన్న కిడ్నీ వదిలే మూత్రమైతే కాచగానే తెల్లగా విరగాలి, ఇది విరగలేదు. ఆయన ముఖం వాడిపోయింది. "ఇవి బాయి నీళ్ళు. పాత్రల ఎవరు పోసిన్రు?"

కడుగుదామని రాత్రి నీళ్ళు పోసి మరిచింది నేనే! చెప్పేశాను.

"అయితే మా ఆయన బతకడా సారూ?" ఎల్లయ్య భార్య లచ్చమ్మ గొల్లుమంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఈ గోలకు ఎల్లయ్య కళ్ళు తెరిచాడు. "గింతమంది ఎందుకొచ్చిన్రే?"

"నీ ఉచ్చ జూడనీకె! పాస్టరయ్య సుత వచ్చిండు!" అంది లచ్చమ్మ.

ఎల్లయ్యకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, హఠాత్తుగా ఆగిపోయాడు. "సారూ... జర దుప్పటి జూడున్రి."

తడిసింది! డాక్టరు గారు తెల్ల సూటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని, దుప్పటి పిండి, గొట్టంలో పట్టి కాచారు. తెల్లగా విరిగింది. "నీళ్ళు కాదు! లచ్చమ్మా, నీళ్ళు కాదు!" అని నాకన్నా గట్టిగా అరిచారు. నేను ఏడ్చేశాను.

ఆయన తడిచేత్తోనే నా భుజం తట్టారు. "కిడ్నీ మానుతదని తేలింది. నీ బుర్ర సంగతే ఇంక పరిశోధన చెయ్యాలె."

అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: రోగిని అడగకుండా, దీపం మీద కాచి చూడకుండా, ఏ సీసానూ దేవుడి సన్నిధికి మోసుకుపోను. ఇప్పటిదాకా తప్పలేదు.