గోదావరి పెరిగినా మారని జవాబు

మొన్న ఖమ్మంలో మా తమ్ముడి కూతురు ఇంట్లో కూర్చునే ఆఫీసు పని చేసుకుంటూ, తన ప్రోగ్రాము ఇదివరకు నత్తలా నడిచేదనీ, ఒక్క లైను చేర్చేసరికి రెప్పపాటులో జవాబిస్తున్నదనీ మురిసిపోయింది. ఒకసారి కట్టిన లెక్కను దాచిపెట్టి, మళ్లీ అడిగితే దాన్నే అప్పజెప్పడమన్నమాట. లోపలి అంకెలు మారితే దాచినదాన్ని ఎవరు చెరుపుతారని అడిగాను.

"అది తర్వాత చూస్తం అత్తా" అన్నది. ఇన్నేళ్లుగా అణచుకున్న మంట ఒక్కసారిగా రగిలింది.

ఆడపిల్ల కంప్యూటరు ముందు కూర్చుంటేనే వింతగా చూసే మన రోజుల్లో, నేనొక చిన్న కంపెనీలో చేరి, గోదావరి వరదల కోసం ప్రోగ్రాము రాసే బృందంలో పడ్డాను. అందులో ఒక్కో ఊరు ఒక్కో ఆబ్జెక్టు, అంటే తన వివరాలు తన దగ్గరే ఉంచుకొని, అడిగితే జవాబిచ్చే ప్రోగ్రాము ముక్క. నువ్వు మునుగుతావా అని అడిగితే అది నదిమట్టం, వాగుల పోటు, నేల వాలు అన్నీ లెక్కగట్టి చెప్పాలి. ఆనాటి కంప్యూటర్లకు అది బండెడు చాకిరీ. చూడవచ్చే అధికారులు విసుక్కుంటారని మా మేనేజరు, మొదటిసారి వచ్చిన జవాబునే ఆ ఊరి దగ్గర దాచేయించాడు. వేగం వచ్చింది, చప్పట్లు పడ్డాయి. మట్టం మారగానే దాచిన జవాబు చెరిపేయాలని నేను మొత్తుకుంటే, ముందు చూపించి రానివ్వమ్మా అన్నాడు. చూపించి వచ్చాక ఇక దాని ఊసే లేదు.

ఆ వానాకాలమే గోదావరి పొంగింది. మణుగూరు అవతల, అడవి అంచున, నది ఒడ్డునే మా చిన్నమ్మ వాళ్ల ఊరు. పొద్దున మునగదని చెప్పిన తెర, మధ్యాహ్నానికి మట్టం అంత పెరిగినా అదే చెప్పింది. పడవలు వేరే ఊళ్లకు వెళ్లిపోయాయి. వాకిట్లోకి నీళ్లొచ్చాయని చిన్నమ్మ వరద ఆఫీసుకు ఫోను చేస్తే, కంప్యూటరులో మీ ఊరు సేఫ్ అనే వస్తోందన్నారట. చివరికి జనమే ఒకరి చేయి ఒకరు పట్టుకొని మెరక మీదికి చేరారు. పలుపులు విప్పే తీరిక లేక గేదెలు గుంజల దగ్గరే పోయాయి. బాబాయి జారిపడి తుంటి విరిగింది. ఆయన మళ్లీ పొలం గట్టు ఎక్కలేదు.

తరువాత మీటింగులో మా మేనేజరు, వాన ఊహకు మించి పడిందని తాపీగా సెలవిచ్చాడు. నేను లేచి, నదిమట్టం సరిగ్గానే అందింది, పాత జవాబు చెరపనందుకే పడవ పోలేదన్నాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. ఆ సాయంత్రమే ఎవరినీ అడక్కుండా, మట్టం మారినప్పుడల్లా పాత జవాబు చెరిగిపోయేలా రాసిపెట్టాను. టీ చల్లారేలోగా అయిపోయిన పని. ఆ పనికే వాళ్లకు తీరిక దొరకలేదు. మరుసటి ఏడు ఆ బృందంలో నా పేరు లేదు, ఆయన మాత్రం ఇంకో మెట్టు ఎక్కాడు.

ఆ వరద రోజుల్లోనే దవాఖానాలో బాబాయి మంచం పక్కన కూర్చున్న చిన్నమ్మ నన్ను ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు.

"నీళ్ల రంగు మారంగనే పోదామన్న బిడ్డా. మన పిల్ల రాసిన కంప్యూటరే గట్ల చెప్పింది గదా, ఏం కాదని మీ బాబాయి ఆగిండు" అన్నది.

మన చిన్నతనంలో నీళ్లు రావని చెప్పిన పెద్దమనిషి, వస్తే తానూ మనతోపాటే తడిసేవాడు. ఇప్పుడు చెప్పేవాళ్లంతా ఎక్కడో పొడినేల మీద ఉంటున్నారు.