మా స్క్రాపులకు ఆమెన్

ఆ రోజుల్లో భార్యాభర్తలు మాట్లాడుకోవాలంటే ఒకే ఇంట్లో ఉంటే చాలని నేను అమాయకంగా నమ్మేదాన్ని. ఢిల్లీలో కాపురం పెట్టాక గానీ తెలిసిరాలేదు, ఒకే ఇంట్లో ఉండటం వేరు, ఇద్దరూ ఒకేసారి మేలుకుని ఉండటం వేరు అని. నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఎక్కువగా సాయంత్రం డ్యూటీలే పడేవి. మా ఆయన ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో, తయారైన సరుకు బాగుందో లేదో తనిఖీ చేసే సెక్షన్లో పనిచేసేవారు. మేముండేది మయూర్ విహార్. మెట్రో ఇంకా మా వైపు రాలేదు కాబట్టి ఆయన తెల్లారకముందే లేచి బస్సులు మారుతూ వెళ్ళేవారు. అప్పుడు నేను నిద్రలో ఉండేదాన్ని. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి పాపను పడుకోబెడుతూ ఆయనే పడుకునిపోయి ఉండేవారు. మధ్యాహ్నం నేను వెళ్ళేటప్పుడు పాపను కింది ఫ్లాట్‌లో క్రెష్ నడిపే దీదీకి అప్పగిస్తే, సాయంత్రం ఆయన వచ్చి తీసుకునేవారు. వార్డులో పేషెంట్‌ను ఒక షిఫ్టు వాళ్ళు ఇంకో షిఫ్టు వాళ్ళకు అప్పగించినట్టే రెండేళ్ళ పిల్లను పెంచాం.

మరి ఇంటి సంగతులు చెప్పుకోవాలి కదా! ఫోనులున్నాయి, కానీ నా ఫోను వార్డు బయట లాకరులో, ఆయన ఫోను ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ భయ్యా పెట్టెలో ఉండేవి. ఫ్రిజ్ మీద చీటీలు అంటించి చూశాం. పాపకు అవి బాగా నచ్చాయి, నమిలేసేది. (ఒకసారి కరెంటు బిల్లు సంగతి రాసిన చీటీ సగం మింగేసింది.) అలాంటి సమయంలో మా దగ్గర కొత్తగా చేరిన జూనియర్ సిస్టర్ ఒకమ్మాయి, "దీదీ, దేశమంతా ఉంది ఇందులో, మీరింకా చేరలేదా?" అని నర్సుల ట్రైనింగ్ గదిలో ఉన్న కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టింది. స్నేహితులందరూ ఒకరికొకరు చిన్న చిన్న కబుర్లు రాసుకునే సైటు అది. ఆ కబురును స్క్రాప్ అనేవారు. "ఇక్కడ రాస్తే ఆయన పేజీలో పడుతుంది, ఆయన రాస్తే మీ పేజీలో పడుతుంది" అని చూపించింది. ఆయన పేజీ అంటే మా గుమ్మానికున్న పోస్టు డబ్బా లాంటిదని, దాని తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుందని నాకు నేనే అర్థం చేసుకున్నాను. మా ఆయనకూ అలాగే అర్థమైంది. మా ఇద్దరి ఆలోచనలు కలిసిన అరుదైన సందర్భాల్లో అదొకటి.

ఇక మొదలైంది. టీ సమయంలో నేను, లంచ్ తర్వాత తన సెక్షన్ కంప్యూటర్లో ఆయన, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చి తెగ రాసుకునేవాళ్ళం. నాకు వచ్చింది డ్యూటీ భాష. "పాప: ఇడ్లీ తిన్నది. పాలు వద్దంది. టెంపరేచర్ లేదు. మోషన్ నార్మల్. బీరకాయ పెడితే ఉమ్మేసింది" అని కేస్ షీటులా రాసేదాన్ని. ఆయనకు వచ్చింది తనిఖీ భాష. "నిన్నటి సాంబారు: చూడటానికి బాగుంది. ఉప్పు పరిమితికి మించి ఉంది. తిరస్కరించలేదు, షరతులతో స్వీకరించాను" అని రాసేవారు. "ఆ షరతులేవో చెబితే రేపటి నుంచి మీరే వండుకోవచ్చు" అని నేను. గ్యాస్ బుక్ చేయమని ఆయనకు ఎన్ని స్క్రాపులు పెట్టానో దేవుడికే తెలియాలి. (దేవుడికి నిజంగానే తెలుసని తర్వాత తేలింది.) కోపాలు, అలకలు, అత్తగారి మీద రెండు ముక్కలు, ఎప్పుడైనా ఒక ముద్దు మాట, అన్నీ అందులోనే.

మా తెలుగు చర్చి వాళ్ళు కూడా ఒక్కొక్కరుగా ఆ సైటులో కనబడి స్నేహితులుగా చేర్చుకోమని అడిగారు. ఎదురుపడి వందనాలు చెబితే తిరిగి చెప్పనా, అలాగే అందరికీ సరే అన్నాను. వాళ్ళలో ముఖ్యురాలు హార్మోనియం ఆంటీ. చర్చిలో పాటలకు హార్మోనియం వాయించేది ఆవిడే. బాపట్ల వైపు మనిషి. మిలటరీలో రిటైరైన అంకుల్‌తో మా కాలనీలోనే పక్క బ్లాకులో, ఢిల్లీ మాటలో పక్క పాకెట్‌లో ఉండేవారు. మా పేజీని ఈమధ్య ఎవరు చూశారో ఆ సైటు ఒక పక్కన చూపించేది. అందులో రోజూ ఆంటీ పేరుండేది. సరోజినీ నగర్ మార్కెట్లో కొన్న గౌనులో పాప ఫోటో పెట్టాను కదా, పాపం, అది చూసుకుంటున్నారని మురిసిపోయేదాన్ని. ఆంటీ మాత్రం ఎప్పుడూ ఒక్క అక్షరం రాయలేదు. చర్చిలో ఎదురుపడినప్పుడు మాత్రం, "ఎలా ఉన్నావమ్మా? ఇంట్లో ఇబ్బందులేం లేవు కదా?" అని నా మొహంలోకి చూసేవారు. "అంతా బాగుంది ఆంటీ" అనేదాన్ని. నర్సులకు అదొక అలవాటు. ఇబ్బందులు చెప్పాల్సింది పేషెంట్లు, మేం కాదు.

ఆంటీ ఇంట్లో వారానికోసారి స్త్రీల ప్రార్థన కూడిక జరిగేది. నా ఆఫ్ కుదిరినప్పుడు పాపను చంకనేసుకుని వెళ్ళేదాన్ని. అక్కడ ఇతరుల కోసం చేసే ప్రార్థనల్లో ఎవరి పేరూ చెప్పరు, వాళ్ళ పరువు పోకూడదని. "ప్రభువా, నీవెరిగిన ఒక కుటుంబం" అంటారు, అంతే. ఒక రోజు ఆంటీ కళ్ళు మూసుకుని అందుకున్నారు. "తండ్రీ, నీవెరిగిన ఒక చిన్నబిడ్డ కూరగాయలు ముట్టడం లేదు. ఆ బిడ్డకు మంచి ఆకలి దయచేయుము. భోజనంలో ఉప్పు విషయమై ఆ దంపతుల మధ్య శాంతిసమాధానాలు కలుగజేయుము. గ్యాస్ బుక్ చేయడం పదేపదే మరచిపోవుచున్న ఆ సహోదరునికి జ్ఞాపకశక్తి అనుగ్రహించుము." నాకు గుండె కరిగిపోయింది. ఈ మహానగరంలో నాలాంటి అభాగ్యురాలు ఇంకొకతె ఉందన్నమాట! అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నాను. పక్కన ఎవరికో పొలమారింది. మర్నాడు డ్యూటీలో టీ కూడా తాగకుండా మా ఆయనకు స్క్రాప్ పెట్టాను. "మన చర్చిలో అచ్చం మనలాంటి జంట ఉందండీ. ఆయన కూడా గ్యాస్ మర్చిపోతాడట. ఆవిడెవరో గానీ కడుపు తరుక్కుపోయింది." ఆయన జవాబు: "అతనికి ఎంత పని ఉందో ఎవరు చూశారు? నా తరఫున కూడా ప్రార్థన చెయ్."

ఇలా సాగుతుండగా కింది దీదీ వాళ్ళాయనకు లక్నో బదిలీ అయింది, కొద్ది రోజుల్లో క్రెష్ మూసేస్తానంది. వేరే చోట్ల చూశాం. ఒకటి మరీ దూరం, ఒకదానిలో పిల్లలంతా టీవీ ముందు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. పనిమనిషిని నమ్మి అంత చిన్నపిల్లను మధ్యాహ్నమంతా వదిలేయడానికి ధైర్యం చాల్లేదు. నా ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు. చివరికి, మా తోటి నర్సులు చాలామంది చేసిందే మేమూ చేయాల్సి వచ్చింది. పాపను తెనాలిలో మా అమ్మ దగ్గరికి పంపేయడం. బడి వయసు వచ్చేదాకా. ఆ మాట కూడా మేం మొహాలు చూసుకుని అనుకోలేదు, స్క్రాపుల్లోనే అనుకున్నాం. ఒక మధ్యాహ్నం ఆయన రాశారు: "టికెట్ తీశాను. వచ్చే శనివారం. ఎర్ర చెప్పులు పెట్టకు, అమ్మమ్మగారి పెరట్లో జారిపడుతుంది. ఈ రోజు క్యాంటీన్లో అన్నం దిగలేదు." సాంబారుకు కూడా షరతులు పెట్టే మనిషి అలా రాస్తే నేను ట్రైనింగ్ గదిలో ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. అందరూ జలుబనుకున్నారు.

ఆ వారం కూడికకు వెళ్ళాను. పాప తన ఎర్ర చెప్పులు విప్పనని మొండికేసి, వాటితోనే ఆంటీ సోఫా ఎక్కింది. పాట అయింది, బైబిల్ వాక్యం అయింది, ఆంటీ ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, నీవెరిగిన ఒక తల్లి తన బిడ్డను దూరం పంపబోతున్నది..." నేను అలవాటుగా "ఆమెన్" అనబోయాను. "ఆ తండ్రికి అన్నం దిగడం లేదు దేవా. ఆ ఎర్ర చెప్పుల చిన్నపాదాలు ఈ ఊరు విడిచి పోకుండా..." ఆమెన్ గొంతులోనే ఉండిపోయింది. మెల్లగా కళ్ళు తెరిచాను. గదిలో అందరి కళ్ళూ అప్పటికే తెరిచి ఉన్నాయి. అన్నీ నా వైపే ఉన్నాయి.

"ఆంటీ, ఎర్ర చెప్పుల సంగతి మీకెవరు చెప్పారు?"

"మీ ఆయన రాశాడుగా అమ్మా, స్క్రాపులో."

"అది నాకు రాసిందండీ!"

"నీకే. ఎంత బాగా రాశాడో! మీ అంకుల్ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా అబ్బాయి నేర్పిన దగ్గర్నుంచీ పొద్దున్నే టీ తాగుతూ మీ ఇద్దరివీ చదువుతాను. కంప్యూటర్ లేనివాళ్ళకి ఫోన్ చేసి చెబుతాను."

భూమి చీలితే బాగుండుననుకున్నాను. అత్తగారి మీద రాసిన రెండు ముక్కలు, ముద్దు మాటలు, పాప మోషన్లు, అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. "చదివితే చదివారు, ఒక్క మాట నాతో అనొచ్చు కదా ఆంటీ" అన్నాను ఏడుపు గొంతుతో.

"అడిగాంగా? అడిగినప్పుడల్లా అంతా బాగుందంటావు. నువ్వు మాతో చెప్పవు, అందుకని మేం ప్రభువుతో చెప్పుకున్నాం" అన్నారు ఆంటీ. "ఇప్పుడు విను. సోమవారం నుంచి మధ్యాహ్నం పాపని నా దగ్గర దించి వెళ్ళు. నాకు హాస్పిటల్ చెకప్ ఉన్న రోజు మిగతావాళ్ళు చూసుకుంటారు. టికెట్ క్యాన్సిల్ చేయించు. ఠీక్ హై?"

"మీకెందుకు ఆంటీ శ్రమ..."

"శ్రమేంటి? ఆ పిల్ల ఏం తింటుందో, ఏ పూట పేచీ పెడుతుందో మాకు నీకంటే బాగా తెలుసు. బీరకాయ పెట్టంలే, భయపడకు."

గదంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వబోయి భోరున ఏడ్చేశాను. నెలల తరబడి మోస్తున్నదేదో దిగిపోయింది. ఈ ఊళ్ళో మాకెవరూ లేరని నేను అనుకున్నన్నాళ్ళూ, ఇంతమంది రోజూ మా ఇంటి తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

మర్నాడు డ్యూటీకి వెళ్ళగానే నేను చేసిన మొదటి పని, "ఏవండీ, మన స్క్రాపులు చర్చి మొత్తం చదువుతోందట. సోమవారం నుంచి పాపను ఆంటీ చూసుకుంటారట, టికెట్ క్యాన్సిల్ చేయండి. దయచేసి ఇకనుంచి ఇక్కడ ఏమీ రాయకండి" అని స్క్రాప్ పెట్టడం. కాసేపటికి ఆయన జవాబు వచ్చింది. "చదువుతున్న పెద్దలందరికీ వందనాలు. టికెట్ క్యాన్సిల్ చేశాను. గ్యాస్ కూడా బుక్ చేశాను, దయచేసి గమనించగలరు." ఆ ఆదివారం ఆయన చర్చి మెట్లెక్కుతుంటే అంకుల్ ఎదురొచ్చి చేయి కలిపి, "శభాష్, గ్యాస్ వచ్చిందా?" అన్నారు.

తాళం వెయ్యకపోతే పేజీలో రాసింది ఎవరైనా చదవొచ్చని చెప్పి, ఆ తాళం వేసే చోటు ఎక్కడుందో జూనియర్ సిస్టర్ తర్వాత చూపించింది. చూశాను, వెయ్యలేదు. తాళం వేస్తే పాపకు దగ్గొచ్చిన సంగతి ఆంటీకి ఎలా తెలుస్తుంది?

ఆ సైటు మూతపడి చాలా కాలమైంది. మా స్క్రాపులు దాంతోనే పోయాయి. హార్మోనియం ఆంటీ కూడా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడ లేని లోటు పాట మొదలైన ప్రతిసారీ తెలుస్తుంది. పాప ఇప్పుడు కాలేజీలో ఉంది. తన ఫోనులో ప్రతిదానికీ తాళమే, నాక్కూడా ఏదీ తెరుచుకోదు. మొన్న ఈ కథంతా చెబితే తల పట్టుకుని, "మమ్మీ! మేరా మోషన్ భీ పబ్లిక్ థా?" అని అరిచింది. "అవునే. అందుకే నువ్వు మా దగ్గర పెరిగావు" అన్నాను. వచ్చి నా భుజం మీద తల పెట్టుకుంది.

ఆంటీ వాళ్ళింట్లో పాపను ఒళ్ళో పెట్టుకుని, తన కోసం తనే జాలిపడుతూ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్న ఆ పిచ్చిపిల్ల తలుచుకున్నప్పుడల్లా ముద్దొస్తుంది నాకు. ఇప్పటికీ కూడికలో ఎవరైనా "నీవెరిగిన ఒక కుటుంబం" అని మొదలుపెడితే, మా ఇంట్లో గ్యాస్ ఉందో లేదో ముందు గుర్తు చేసుకుని, ఆ తర్వాతే ఆమెన్ అంటాను.