ఉప్పు మెట్టు మీద పెట్టినందుకు

మదనపల్లెలో నేను ఆన్‌లైన్ సరుకులు మోసిన రోజుల్లో కంపెనీవాళ్లు మమ్మల్ని పార్ట్‌నర్ అని పిలిచేవాళ్లు. ఆ పార్ట్‌నర్లకు గోడౌన్ లోపలికి ప్రవేశం లేదు. లోపల ఏసీలో ఉల్లిగడ్డలు ఉండేవి, బయట రేకుల కింద మేముండేవాళ్లం. మధ్యాహ్నానికి ఆ కాస్త నీడ కూడా పక్కనున్న వెల్డింగ్ షాపు వైపు జరిగిపోయేది. బాత్రూమ్ ఎక్కడని అడిగితే బస్టాండుకు పొమ్మనేవాళ్లు. పోయి వచ్చేలోగా ఆర్డర్ వస్తే, తీసుకోలేదని రేటింగ్ పడిపోయేది. అందుకని నీళ్లు తాగడమే తగ్గించుకున్నాం. నడి ఎండాకాలంలో ఇంకొకరికి మంచినీళ్ల క్యాన్లు మోస్తూ, మా గొంతులు ఎండబెట్టుకుని తిరిగిన ఘనత మాది.

తంబళ్లపల్లె దగ్గర మా బోరు ఎండిపోయాక ఈ పనికి వచ్చాను. ఒకప్పుడు మార్కెట్ యార్డుకు ట్రేలకు ట్రేలు టమోటాలు తోలినవాణ్ణి, అరకేజీ టమోటాలు కవర్లో పెట్టుకుని మేడమెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. ఇంట్లో అందరి తిండీ ఫోనులోని ఒక ఐడీ మీద ఆధారపడి ఉండేది. అది తెరుచుకుంటే పని ఉన్నట్టు, మూసుకుంటే లేనట్టు. పొద్దున లేవగానే దేవుడి పటం కంటే ముందు దాన్నే చూసేవాణ్ణి. అందులో దాచుకోవడానికి ఏమీ లేదు.

ఆ ఐడీ ఉప్పు వల్ల పోయింది.

నీరుగట్టువారిపల్లెలో ఒక ఇంటికి ఆర్డర్ తీసుకుపోయాను. ఆర్డర్ పెట్టింది ఆ ఇంటి కోడలు. ఆమె పుంగనూరులో బ్యాంకు ఉద్యోగి, ఆఫీసులో కూర్చునే ఇంటికి సరుకులు తెప్పించేది. ఇంట్లో అత్తగారు ఒక్కరే ఉన్నారు. సంచి మనిషి చేతికే ఇవ్వాలి, ఇచ్చినట్టు ఫొటో తీసి పంపాలి, ఇదీ కంపెనీ పెట్టిన నియమం. అత్తగారు చేతులు చాచారు. సంచిలో పైనే కనబడుతున్న ఉప్పు ప్యాకెట్ చూసి వెంటనే వెనక్కి తీసుకున్నారు.

“ఉప్పుండాదే అందులో. చేతికియ్యొద్దప్పా, మన ఇద్దరికీ కొట్లాట వస్తాది. ఆ మెట్టు మీద పెట్టు, నేను తీసుకుంటా.”

నాకు అందులో వింత ఏమీ కనిపించలేదు. మా అమ్మ పక్కింటికి ఉప్పు ఇవ్వాలన్నా గిన్నె కింద పెట్టేది, వాళ్లు వంగి తీసుకునేవాళ్లు. నేనూ సంచి మెట్టు మీద పెట్టి ఫొటో తీశాను. ఆమె సంచి ఎత్తుకునేలోగానే ఫొటో వెళ్లిపోయింది. దాంట్లో పడింది మెట్టు, సంచి, సంచి పక్కన ఇంట్లోవాళ్ల చెప్పులు.

సగం దారిలో ఉండగా గోడౌన్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. కోడలు పుంగనూరులో ఆ ఫొటో చూసి, తినే వస్తువులు చెప్పుల దగ్గర పడేసి పోయాడని కంప్లైంట్ పెట్టింది, సరుకులు వద్దంది.

“చెప్పుల కాడ పెడ్తారాప్పా ఎవరన్నా? పోయి అన్నీ వాపస్ తీసుకొనిరా. నీ ఐడీ ఆగిపోయిండాది.”

వెనక్కి పోయి అత్తగారికి చెప్పాను. ఆమె అప్పటికప్పుడే కోడలికి ఫోన్ చేశారు.

“నేనే గదమ్మా ఆడ పెట్టమనింది. ఉప్పుండె అందులో.”

“నాకేం తెలుసత్తా, ఫొటోలో అట్ల కనబడె. ఉండు, ఇప్పుడే తీసేస్తా ఆ కంప్లైంట్,” అంది కోడలు. పాపం, ప్రయత్నించింది. కంప్లైంట్ పెట్టడానికి ఆ యాప్‌లో బటన్ ఉంది, తీయడానికి లేదు. నా ఫోన్‌లో నేనూ వెతికాను. సంజాయిషీ కింద ఎంచుకోవడానికి కారణాలు ఇచ్చారు: చిరునామా దొరకలేదు, బండి చెడిపోయింది, తలుపు తీయలేదు. ఉప్పు చేతికి ఇవ్వకూడదనే కారణం లేదు. ‘ఇతర కారణాలు’ నొక్కితే, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది. ఒళ్లు మండిపోయింది నాకు.

“ఆ ఫోన్లో అవతల మనిషుంటాడు గదా, నాకియ్యి, నేను చెప్తా,” అన్నారు అత్తగారు.

“మనిషి లేడమ్మా.”

ఆమె నమ్మలేదు. ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని, “అప్పా, నేనే పెట్టమన్న్యా, ఆ పిల్లోడి తప్పేమీ లేదు,” అని రెండుసార్లు చెప్పి చూశారు. తర్వాత సరుకులన్నీ సంచిలో సర్ది, ఉప్పు ప్యాకెట్ మాత్రం విడిగా మెట్టు మీద పెట్టారు. నేను వంగి తీసుకున్నాను.

గోడౌన్ లోపలికి నాకు ప్రవేశం లేదు గనుక ఇన్‌ఛార్జి గడప దాకా వచ్చాడు. కుప్పం వైపు మనిషి, చెడ్డవాడు కాదు. ఉప్పు సంగతంతా చెప్పాను.

“అట్లాంటివన్నీ సిస్టమ్‌కు తెలీదప్పా. చేతికియ్యాలంటే చేతికియ్యాల్సిందే. ఐడీ ఇంక తెరుచుకోదు, దాని గురించి అడగొద్దు,” అంటూనే సరుకులు ఒక్కొక్కటీ నా చేతి నుంచి అందుకున్నాడు. బియ్యం తీసుకున్నాడు, నూనె తీసుకున్నాడు, టమోటాలు తీసుకున్నాడు. చివరగా ఉప్పు ప్యాకెట్ అందించబోయాను. ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది.

“దాన్ని చేతికియ్యొద్దు. ఆడ కింద పెట్టు.”

నేను ఆయన మొహంలోకి చూశాను. తానేమన్నాడో అప్పుడు తెలిసొచ్చినట్టుంది, చూపు పక్కకు తిప్పుకున్నాడు. నేను కింద పెట్టలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ప్యాకెట్ అందులోనే పెట్టాను. కొట్లాట రావాలనే పెట్టాను. ఆ కంపెనీ మొత్తంలో కొట్లాడటానికి నాకు దొరికిన మనిషి ఆయన ఒక్కడే.

ఆయన ప్యాకెట్‌తో లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. కొట్లాట రాలేదు. ఐడీ కూడా రాలేదు.