అత్త మీద కోపం వాల్వు మీద

ల్యాబులో ఆవిణ్ణి అందరూ గారాలమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తరవాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆవిడా పలకడం మొదలుపెట్టింది, ఇంకేం చేస్తుంది! ఆవిడ పని గుండె వాల్వులు పెంచడం. పెంచడమంటే నిజంగా పెంచడమే. మెల్లగా కరిగిపోయే దారంతో అల్లిన మూడు రెప్పల అచ్చు మీద బతికున్న కణాలు చల్లి, వెచ్చటి గాజుపెట్టెలో ఉంచి, పోషక ద్రవం పోస్తూ ఉండాలి. కణాలు అచ్చంతా అల్లుకుంటాయి, దారం కరిగిపోతుంది, వాల్వు మిగులుతుంది. వినడానికి ఇంత సులువు.

అసలు చిక్కంతా పంపు దగ్గర. గాజుపెట్టెకి తగిలించిన ఆ పంపు గుండెలాగే కొట్టుకుంటూ ద్రవాన్ని వాల్వులోంచి తోస్తుంది. ఆ తోపుకి తట్టుకోవడానికి కణాలు గట్టి పీచు నేసుకుంటాయి. అంటే దేహంలోకి వెళ్ళకముందే వాల్వుకి సాము నేర్పాలన్నమాట. గారాలమ్మకి ఇక్కడే మనసొప్పేది కాదు. "పసిగుడ్డు! ఇప్పుడే దానికంత బలమెక్కడిది?" అంటూ పంపుని నత్తనడక నడిపించేది. తీరా పరీక్షలో అసలు గుండె ఒత్తిడి ఇచ్చేసరికి ఆ పసిగుడ్లన్నీ తడికాగితంలా చిరిగిపోయేవి. మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

ల్యాబు పెద్దసారు మంచివాడే, కానీ ఓపిక్కీ ఓ హద్దుంటుంది. "ఈసారి కూడా చిరిగితే మీ గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తానమ్మా, ఏమీ అనుకోకండి," అన్నాడు. ఆ మాట విన్నాక ఆవిడకి అన్నం సయించలేదు. గది పోతే ల్యాబులో ఇంకో పని దొరకొచ్చు గానీ, వాల్వులు పెంచే భాగ్యం మళ్ళీ రాదు.

ఇంట్లోనూ అదే గారాబం. అత్తగారికి మోకాలి ఆపరేషనైంది. నీళ్ళు, పళ్ళెం, కళ్ళజోడు, అన్నీ కోడలు మంచం దగ్గరికే అందించేది. ఒకరోజు పొద్దున్నే అత్తగారు కర్ర పట్టుకుని, తనంతట తనే వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది.

"అయ్యో అత్తయ్యా, పడిపోతారు! పిలిస్తే నేను రానా?"

"నువ్వు రాకపోతేనే నడుస్తానే తల్లీ! నీ సేవల పుణ్యమా అని కాలు కొయ్యలా బిగుసుకుపోయింది. డాక్టరు నడవమంటాడు, నువ్వు కూర్చోమంటావు. నన్నిక లేవనివ్వవా ఏం?"

ఇంత చేస్తే ఈ మాటా! కోడలికి ఒళ్ళు మండిపోయింది. కాఫీ కూడా తాగకుండా ల్యాబుకొచ్చి పడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపిద్దామంటే అక్కడ దుత్త లేదు, పంపు ఉంది. "నడవాలా? నువ్వూ నడువు!" అంటూ మీట బర్రున తిప్పేసింది. వాల్వు రెప్పలు టపటపా కొట్టుకున్నాయి.

మరుక్షణం ఆవిడ చెయ్యి మళ్ళీ మీట మీదికి పోయింది. ఉన్న ఒక్క వాల్వునీ చేజేతులా పాడుచేసుకున్నాననుకుంటూ తగ్గించబోయింది. కానీ వాల్వు చిరగలేదు. చిరగలేదు సరికదా, రెప్పలు మూడూ అంచుకి అంచు ఆనించుకుని ఎప్పుడూ లేనంత చక్కగా మూసుకుంటున్నాయి. పొద్దున్న ఒంటికి మంట పుట్టించిన మాట అప్పుడు బుర్రకెక్కింది. పెద్దావిడ తిట్టలేదు, ఉన్నమాట అంది.

ఇక ఆ రోజునుంచి పద్ధతి మారింది. ఒక ఒత్తిడికి అలవాటు పడనిచ్చి ఇంకాస్త పెంచేది, అదీ అలవాటయ్యాక మరికాస్త. పెంచిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది, అయినా పెంచేది. మీగడలా ఊగిసలాడే రెప్పలు కాస్తా బిర్రుగా, చిక్కగా తయారయ్యాయి.

పరీక్షకి గుండె ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ వచ్చింది. వాల్వుని పరీక్షపెట్టెలో బిగించి అసలు గుండె ఒత్తిడి ఇచ్చింది. వాల్వు నిలబడింది. డాక్టరమ్మ పెట్టెలోకి తొంగిచూసి, ఎవరినీ అడక్కుండా ఇంకా పెంచింది. గారాలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. టపటపా చప్పుడు మాత్రం ఆగలేదు.

"కళ్ళు తెరవండి. మీ పిల్ల పరిగెడుతోంది," అంది డాక్టరమ్మ.

గదంతా ఒక్కసారి గోలెత్తిపోయింది. పెద్దసారు పెద్దరికం మర్చిపోయి బల్ల మీద దరువేశాడు. "ఈ గది మీదేనమ్మా, ఇంకెవడొచ్చి అడుగుతాడో చూస్తాను!" అన్నాడు, ఇచ్చేస్తానన్నది తను కానట్టు. గారాలమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"ఇంతకీ ఒత్తిడి పెంచాలని మీకెలా తోచింది?" అడిగింది డాక్టరమ్మ.

అందరూ చెవులు రిక్కించారు. ఏదో ఓ పెద్ద మాట చెప్పి గొప్పలు పోవచ్చు. ఆవిడకి అబద్ధం నోటికి రాలేదు.

"మా అత్తగారి మీద కోపమొచ్చిందండీ."

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఆవిడిప్పుడెలా ఉన్నారు?" అంది.

"నడుస్తున్నారండీ," అంది గారాలమ్మ, టపటపలాడుతున్న పరీక్షపెట్టె వైపు చూసి. "ఇద్దరూ నడుస్తున్నారు."