అత్తయ్య చెవిన పడ్డ సీసం

మా పాపకు రెండేళ్లు దాటినా మాటలు రాలేదు. అప్పట్లో మేం ఎల్బీనగర్‌లో అత్తగారితో ఉండేవాళ్లం. పిల్లల రక్తంలో సీసంపై పరిశోధన చేసేవాళ్లు మా కాలనీకి వస్తే పాపకూ పరీక్ష చేయించాను. ఫలితం రాగానే వాళ్లలో ఒకమ్మాయి ఇంటికొచ్చి, "పాప ఒంట్లో సీసం ఎక్కువుందండీ. మాటలు ఆలస్యం కావడానికి అదే కారణం కావచ్చు" అంది.

అత్తయ్య చెవిలో సీసం కాస్తా సీసా అయింది.

"చూసిండ్రా! గుంటూరు పిల్ల నౌకరీకి పోతానని నా మనవరాలికి సీసా పాలు పట్టింది. ఇగ మాటలెట్ల ఒస్తయ్?" అని వాకిట్లో నిలబడి ఇరుగుపొరుగు వినేలా అరిచింది.

ఆ అమ్మాయి సీసాన్ని కనిపెట్టే చిన్న మిషన్‌తో ఇల్లంతా పరీక్షించింది. పాలసీసాలో ఏమీ లేదు. దేవుడి గూట్లోని సిందూరంలో మాత్రం బోలెడు సీసం ఉంది. దిష్టి తగలకుండా అత్తయ్య రోజూ పాపకు బొట్టు పెట్టేది దాంతోనే. పాప దాన్ని చెరుపుకుని వేళ్లు చీకేది.

"దేవుని సిందూరాన్ని అంటవా? గా మిషనే ఖరాబయ్యింది" అంది అత్తయ్య.

ఆ సిందూరం భరిణె నేనే పారేశాను. పాప ఒంట్లో సీసం మెల్లగా తగ్గింది. అత్తయ్య మాత్రం వచ్చిన ప్రతివాళ్లకూ, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని మరీ, సీసా కథే చెప్పేది.

ఒకరోజు చుట్టాల ముందు పాప తొలిసారి రెండు మాటలు కలిపి పలికింది. నావైపు వేలు చూపిస్తూ, "అమ్మ... సీసా" అంది.

అత్తయ్య మురిసిపోయి దాన్ని ముద్దాడింది. బిడ్డకు మాటలొచ్చాయి కదా, నేనూ నవ్వాల్సి వచ్చింది.